వీపు చూపని మర్యాద

1996లో దోహాలోని ఒక ఆసుపత్రి ఎముకల వార్డులో పడకపుండ్లను నిర్మూలించే మహోద్యమం మొదలైంది. ఉద్యమమంటే పెద్దగా ఏమీ లేదు. కదలలేని రోగిని నర్సులు రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతారు, తిప్పినట్టు మంచానికి వేలాడే చార్టులో రాస్తారు. ఇంత ముఖ్యమైన పని ఒక్క ఉపన్యాసమైనా లేకుండా సాగిపోవడం ఆ ఊళ్లోనే ఉంటున్న ఒక తెలుగు ఇంజనీరుగారి భార్య అరుంధతికి బొత్తిగా నచ్చలేదు.

ఆమె వృక్షశాస్త్రంలో పట్టభద్రురాలు. మనుషుల చర్మం గురించి మాట్లాడడానికి ఆ అర్హత చాలునని దోహాలోని తెలుగు మహిళా బృందం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ప్రవేశపెట్టింది ఆమే.

శ్రోతగా జలంధర్ ఎంపికయ్యాడు. జగిత్యాల వైపు తాపీమేస్త్రీ. సైటులో పరంజా మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. గురువారం ఆపరేషన్. ఆలోగా వీపున చర్మం చెడితే వాయిదా తప్పదని డాక్టరు చెప్పాడు. అందుచేత అరుంధతి మంగళవారమే పదిహేడు అంశాలు రాసుకుని, గంజి పెట్టిన చీర కట్టుకుని హాజరైంది.

"రోగి ఒకే భంగిమలో ఉండరాదు" అన్నది మొదటి అంశం. నాలుగో అంశం దగ్గర హెడ్ నర్సు తహెరున్నీసా వచ్చింది. ఆమెది హైదరాబాదు. జలంధర్ కుడి భుజానికి కట్టు ఉంది కనుక అతన్ని ఎడమకు, అంటే గోడవైపుకు మాత్రమే తిప్పగలరు.

"మేడమ్, టైమ్ అయింది. గోడ దిక్కు తిప్పాలె."

"వద్దు సిస్టర్" అన్నాడు జలంధర్. "అమ్మ నిలవడి చెప్పవట్టె. ఆమెకు వీపు జూపెడ్తనా? మా అవ్వకు తెలిస్తే తిడ్తది."

సముద్రం దాటినా మనవాళ్ల సంస్కారం చెక్కుచెదరనందుకు అరుంధతి కళ్లు చెమర్చాయి. "అయిపోవచ్చిందండీ, పదమూడే మిగిలాయి" అంది. అతిథులను నొప్పించరాదని ఆసుపత్రి పెద్దల ఉత్తర్వు ఉండడంతో తహెరున్నీసా వెళ్లిపోయింది.

తొమ్మిదో అంశం దగ్గర జలంధర్ నసిగాడు. "నడుము కింద మంట వెడ్తున్నదమ్మా."

"చాలా బాగా పట్టుకున్నావయ్యా. అదే పదకొండో అంశం."

వందన సమర్పణ కూడా ఆమే చేసుకున్నాక తహెరున్నీసా అతన్ని తిప్పి చూసింది. అరచేతంత ఎరుపు, వేలితో నొక్కినా తెల్లబడలేదు. పుండు మొదలవుతోందనే ఆ లక్షణాన్ని అరుంధతి ఇట్టే గుర్తుపట్టింది. ఆరో అంశం. చార్టులో 'తిప్పకపోవడానికి కారణం' అన్న గడిలో నర్సు 'అతిథి' అని రాసింది.

ఆపరేషన్ వాయిదా పడింది. "ఇంకా ఎన్నిదినాలమ్మా?" అని జలంధర్ అడిగితే పదిహేడు అంశాల్లోనూ జవాబు దొరకలేదు. అరుంధతి ఇంటికి వెళ్లి పద్దెనిమిదోది రాసింది.

గురువారం ఆమె వచ్చేసరికి వార్డులోని తెలుగువాళ్లంతా గోడవైపు తిరిగి ఉన్నారు. కదలగలిగినవాళ్లు తామే తిరిగారు. కదలలేనివాళ్లు నర్సులను బతిమాలి తిప్పించుకున్నారు. అందరికంటే ముందు తిప్పించుకున్నవాడు జలంధర్. ఉద్యమం అంతటి విజయాన్ని అంతకుముందెన్నడూ చూడలేదు. ఆ ఘనత పూర్తిగా మహిళా బృందానిదేనని అరుంధతి నివేదికలో రాసింది. అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు.