దుస్తులు శరీరానికి అమరి ఉండవలెను

మానవజాతి సైకిలు కనిపెట్టి రెండు వందల ఏళ్లు కావస్తోంది. ఆ సైకిలెక్కే మనుషుల్లో కొందరు ఆడవాళ్లు కూడా ఉండవచ్చన్న అనుమానం మాత్రం శంషాబాద్ పరిసరాల్లో 2013 ఆగస్టులో మొట్టమొదటిసారి అధికారికంగా వ్యక్తమైంది. వ్యక్తం చేసింది గరుడనేత్ర సెక్యూరిటీ సర్వీసెస్. విమానాశ్రయం చుట్టుపక్కల గోదాములకు కాపలా మనుషులను సరఫరా చేసే సంస్థ అది. (గరుడుడు ఆకాశంలో ఉండి నేల మీది పామును పసిగడతాడంటారు. ఈ నేత్రానికి మాత్రం ఎదురుగా నిలబడ్డ ఉద్యోగుల్లో ఆడవాళ్లున్నారని పసిగట్టడానికి కొన్నేళ్లు పట్టింది.)

గోదాముల వెనక గోడ పొడవునా ఇకపై సైకిళ్ల మీద గస్తీ తిరగాలనీ, అందులో ఒక పర్మనెంట్ పోస్టు మహిళకు ఇవ్వాలనీ సంస్థ తీర్మానించింది. దానికి ‘పర్యావరణహిత సాధికార గస్తీ’ అని పేరు పెట్టారు. బ్యానరు కట్టారు, కొబ్బరికాయ కొట్టారు, పేపరువాళ్లను పిలిచి ఫొటోలు దిగారు. సైకిళ్లు కొనాలన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

నోటీసు చదువుతుండగానే ఆ పోస్టు తనదేననిపించింది తారాబాయికి. ఆమెది మహేశ్వరం పక్క పల్లె. కాళ్లు అందని వయసులోనే అన్న సైకిలు మీద కైంచీ తొక్కి, అడ్డకడ్డీ కింద నుంచి కాలు దూర్చి, మోకాళ్లు చెక్కుకుపోయేలా నేర్చుకుంది. ఇప్పుడు చేస్తున్నది గోదాము గేటు దగ్గర మహిళా తనిఖీ గదిలో. గది అంటే నాలుగు పక్కలా పరదా, లోపల ఒక స్టూలు, పైన తిరగని ఫ్యాను. వచ్చే ఆడవాళ్లనూ పోయే ఆడవాళ్లనూ తడిమి పంపడమే పని. బయట ఎండో వానో పరదా సందులోంచి చూసి తెలుసుకోవాలి. ఆమెకు విసుగు పుట్టింది, ఊపిరాడడం లేదు. ఆ పరదాలోంచి బయటపడి ఒంటికి కాస్త గాలి తగిలేలా పని చేసుకోవాలి, అంతే ఆమె కోరిక.

నోటీసులో షరతు ఒక్కటే. ‘అభ్యర్థి ఆమోదిత సైక్లింగ్ దుస్తులలో పరీక్షకు హాజరు కావలెను. దుస్తులు శరీరానికి అమరి ఉండవలెను. అమరని పక్షంలో సదరు శరీరం యొక్క సొంతదారే బాధ్యులు.’

ఈ వ్యవహారమంతా చూసే అధికారి చలపతి గారు. భీమవరం మనిషి, నెమ్మదస్తుడు. ఆయన హోదా ‘దుస్తుల అమరిక ప్రత్యేకాధికారి’. మగవాళ్ల కొలతలు టేపుతో తీసుకోవాలనీ, మహిళల కొలతలు మర్యాద దృష్ట్యా అంచనా వేయాలనీ నిబంధన ఉంది. ఆ అంచనాను కూడా మర్యాద దృష్ట్యా ఆరడుగుల దూరం నుంచి, ముఖం పక్కకు తిప్పుకొని వేయాలి. చలపతి గారు నిబంధన తప్పే మనిషి కాదు. కిటికీలోంచి ఎగిరిపోతున్న విమానాన్ని చూస్తూ తారాబాయి కొలతలు అంచనా వేసి, బూడిద రంగు జెర్సీ, ప్యాంటు, హెల్మెట్టు ఇప్పించారు.

స్టోరులో బట్టలు అందించిన శేఖర్ అనే కుర్రాడు వాటిని చూసి, “ఇవి నా సైజే గదా అక్కా,” అన్నాడు. వేళాకోళమాడుతున్నాడనుకుని ఆమె నవ్వేసింది.

వేసుకుని వచ్చాక నవ్వు ఆగిపోయింది. జెర్సీ భుజాలు మోచేతుల దగ్గరికి జారాయి. ఛాతీ దగ్గర మాత్రం జిప్పు సగంలో ఆగిపోయింది. హెల్మెట్టు కొప్పు మీద కూర్చుని, తలకు ఇంకా చోటు దొరకలేదన్నట్టు ఊగుతోంది.

“సార్, నడుం కాడ ఇంకో మనిషి పడతడు. తుంటి కాడికొస్తే నేనే పడ్తలేను. గిట్లయితే ఎట్ల తొక్కాలె?”

చలపతి గారు విమానం వైపే చూస్తూ చెప్పారు. “ఇది యూనిసెక్స్ అమ్మా. ఆడా మగా అందరికీ సరిపోతుందని కంపెనీవాడు రాసిచ్చాడు. మీకు సరిపోకపోతే అది దుస్తుల లోపమని నేను రాయలేనండీ.”

“మరెవ్వరి లోపం సార్?”

“అది పరిశీలనలో ఉంది.”

(యూనిసెక్స్ అంటే ఏమిటో తెలియని పాఠకులకు: మగవాడి కొలతలతో కుట్టి, ఆడవాళ్లు వద్దనడానికి వీల్లేకుండా పేరు పెట్టిన దుస్తులు.)

చివరికి ఆయనే కనికరించి, సరిపోయేవి బయట కొనుక్కోవచ్చనీ, తెచ్చాక తాను పరిశీలించి ఆమోదిస్తాననీ నోటిమాటగా చెప్పారు. తారాబాయి సెలవు రోజు చూసుకుని సైకిలేసుకుని ఆరాంఘర్ దాకా తొక్కింది. అక్కడ పెద్ద క్రీడాసామగ్రి దుకాణం ఉంది. గోడ పొడవునా సైకిలు బట్టలు వేలాడుతున్నాయి. బొమ్మల మీద ఉన్నవాళ్లందరికీ గడ్డాలున్నాయి.

“ఆడోళ్లు సైకిల్ తొక్కే ప్యాంటు కావాలె అన్నా. లోపట ప్యాడ్ ఉంటదంట గద, గది.”

ప్యాడ్ అన్న మాటతో దుకాణం చప్పబడిపోయింది. బ్యాడ్మింటన్ రాకెట్టు బేరమాడుతున్నాయన గోడకేసి తిరిగాడు. యజమాని లలిత్ కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, “పక్కనే మెడికల్ షాప్ ఉన్నది అక్కా,” అన్నాడు.

“గా ప్యాడ్ కాదన్నా! సీటు మీద కూసుంటే నొయ్యకుండ ప్యాంటుకే కుట్టి ఉంటది.”

లలిత్ ఆలోచించాడు. లోపలికెళ్లి క్రికెట్ ప్యాడ్లు ఒక జత తెచ్చాడు. అవి కాళ్లకు కట్టుకునేవని ఆమె చెప్పాక, మళ్లీ వెళ్లి అసలు వస్తువు తెచ్చాడు. మగవాళ్లది. తారాబాయి దాన్ని తిరగేసి చూసింది. ఆమె దగ్గర లేని వస్తువులకు అందులో విశాలమైన స్థలం కేటాయించారు. ఆమెకున్న ఎముకలు సరిగ్గా ఎక్కడ ఆనాలో అక్కడ గట్టి కుట్టు వేశారు.

“లేడీస్‌ది లేదా?”

“లేడీస్‌ది వేరే కంపెనీ ఒకటే చేస్తది అక్కా, పైకీ కిందికీ సెట్టు. ఒకటే రంగొస్తది.”

ఆ రంగు గులాబీ. ఆడదానికి గులాబీ తప్ప వేరే రంగు కనపడదని ఏ దేశపు శాస్త్రజ్ఞులు తేల్చారో గానీ, కంపెనీ దానికే కట్టుబడి ఉంది. భుజం మీద ఒక సీతాకోకచిలుక కూడా ఉంది. అయితే ఏం, తొడుక్కుని చూస్తే ఒంటికి పోతపోసినట్టు సరిపోయింది! భుజం భుజం దగ్గరే ఉంది, నడుం నడుం దగ్గరే ఉంది. బట్టలు తనను ఆడమనిషిగా గుర్తుపట్టినందుకు తారాబాయికి చెప్పలేనంత సంబరమైంది. ప్యాక్ చేస్తానని లలిత్ పాత పేపరులో చుట్టి, దాన్ని నల్ల కవరులో పెట్టబోతుంటే, “వద్దన్నా, తొడుక్కునే పోత,” అంది.

అక్కడే పొరపాటైంది. తెలంగాణ వచ్చేసిందని ఊరూరా డప్పులు మోగుతున్న రోజులవి. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద గులాబీ రంగు ఏ జెండాదో పసిపిల్లలనడిగినా చెబుతారు.

గగన్‌పహాడ్‌లో చాయ్ హోటల్ ముందున్నవాళ్లు లేచి నిలబడి పిడికిళ్లెత్తారు. “జై తెలంగాణ!” తారాబాయి మర్యాదకు ఒక చెయ్యి వదిలి తానూ ఎత్తింది. అంతే, రెండు ఆటోలు వెనక పడ్డాయి. వాటి వెనక బైకులు.

“అక్కా, మీటింగ్ ఏడ?” అని ఒకాయన పక్కకొచ్చి అడిగాడు.

“మీటింగ్ లేదు ఏం లేదన్నా, నేను ఇంటికి పోతున్న!”

“గట్లనే కానీ అక్కా, మేము గూడ వస్తం!”

ఆమె వేగంగా తొక్కితే ర్యాలీ కూడా వేగం పెంచింది. పల్లె చేరేసరికి తల్లి భాగ్యమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. వాకిలి నిండా జనం. ఒకాయన కాలనీ బోరు ఎండిపోయిందని భాగ్యమ్మ చేతికి వినతిపత్రం ఇచ్చాడు. ఇంకొకాయన టికెట్టు ఎవరికొస్తుందని మెల్లగా ఆరా తీశాడు. భాగ్యమ్మ అందరికీ చాయ్ పెట్టి పంపి, కూతురి వైపు తిరిగింది.

“ఏందే బిడ్డా, బట్టలు తెస్తనని పోయి సర్కారునే తెచ్చినవా?”

మర్నాడు చలపతి గారు గులాబీ సెట్టును రెండు వేళ్లతో ఎత్తి చూసి కింద పెట్టేశారు. “కొలతలు బ్రహ్మాండం. రంగే కష్టం. నేను భీమవరం వాణ్నమ్మా. దీన్ని ఆమోదిస్తే మా ఊళ్లో నన్ను నిలదీస్తారు. తిరస్కరిస్తే ఇక్కడ నిలదీస్తారు. కాబట్టి నేను దీన్ని చూడలేదు.”

“వేరే రంగు అద్దిస్త సార్.”

ఆయన ఓపిగ్గా వివరించారు. పసుపు ఇంకొక పార్టీది. కాషాయం మరొకరిది. ఎరుపు అంటే సమ్మె, నలుపు అంటే నిరసన. తెలుపు మాసిపోతుంది. సర్వసమ్మతమైన రంగు బూడిద ఒక్కటే. కానీ బయట అద్దకం వేయించిన దుస్తులు ఆమోదిత దుస్తుల కిందికి రావు.

“అందరికీ సరిపోయే యూనిసెక్స్ ఉండగా మీకెందుకమ్మా ఇంత పరేషానీ?” అన్నారు. (హైదరాబాదుకొచ్చాక ఆయన నేర్చుకున్న ఉర్దూ మాట ఇదొక్కటే. ఎక్కువగా వాడవలసి వచ్చేదీ ఇదే.)

పరీక్ష నాడు తారాబాయి బూడిద యూనిసెక్స్‌ను పిన్నీసులతో ఒంటికి బిగించుకుని వచ్చింది. గేటు దగ్గర మెటల్ డిటెక్టరు కుయ్యిమంది. పిన్నీసు మొన ఉన్న వస్తువు కాబట్టి లోపలికి అనుమతి లేదన్నారు. ఒక్కొక్కటే తీసి ట్రేలో పెట్టింది. ఒక్కో పిన్నీసుకు ప్యాంటు కొంచెం కిందికి దిగింది. ఎడమ చేత్తో నడుం దగ్గర పట్టుకుని, కుడి చేత్తో హ్యాండిల్ పట్టుకుని సైకిలెక్కింది.

మొదటి మలుపులోనే ప్యాంటు కాలు చైనులో పడింది. మిగతా అభ్యర్థులు (అందరూ మగవాళ్లే, అందరి బట్టలూ అమరినవే) ఆమెను దాటిపోయారు. తారాబాయికి ఒళ్లు మండిపోయింది. దిగి, ప్యాంటు కాలును మోకాలి దాకా పర్రున చింపింది. రెండో కాలునూ చింపి, ఆ పీలికను నడుముకు బిగించి కట్టింది. హెల్మెట్టు కింద కొప్పు విప్పి జడ వదిలేసింది. ఇగ చూస్కో అనుకుంటూ ఎక్కి తొక్కింది. గోడ పొడవునా గాలి ముఖానికి కొడుతుంటే, పరదా సంగతే గుర్తు లేదు. దాటిపోయినవాళ్లనందరినీ ఒక్కొక్కరిగా దాటి, అందరికంటే ముందు గేటు చేరింది. స్టోరు మెట్ల మీద కూర్చున్న శేఖర్ లేచి ఈల వేశాడు.

ఫలితాలు వారంలోగా బోర్డు మీద పెట్టారు. ‘శ్రీమతి తారాబాయి: వేగం, ఓర్పు, దారి మీద పట్టు ప్రశంసనీయం. దుస్తుల అమరిక శూన్యం. పైగా సంస్థ ఆస్తిని మోకాలి వరకు ధ్వంసం చేసిరి. ఆమోదిత మహిళా దుస్తులు ఎవరి శరీరానికి అమరినవో వారినే నియమించుట న్యాయమని సంస్థ భావించినది. అందరినీ పరిశీలించగా స్టోరు సహాయకుడు శేఖర్‌కు సంపూర్ణంగా అమరినవి. హోదా: మహిళా గస్తీ సిబ్బంది (పురుష).’

శేఖర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. “నీ తోడు అక్కా, నన్ను పిలిచి ఏస్కో అంటే ఏస్కున్న. నాకు సైకిలే రాదని చెప్పిన, ఇనలే.” పాపం, ఏడుపు ముఖంతో ఉన్నాడు. అతణ్ని ఏమనడానికీ ఆమెకు మనసు రాలేదు. నేరుగా చలపతి గారి గదికి వెళ్లింది.

“సార్, ఆ పిల్లగానికి సైకిలే రాదు గద!”

“సైకిలు నేర్చుకుంటే వచ్చేదమ్మా. శరీరం నేర్చుకుంటే మారేది కాదు కదా.” చలపతి గారు ఈసారి విమానం వైపు కాకుండా ఆమె వైపే, నిజమైన జాలితోనే చూశారు. “మీ ప్రతిభను సంస్థ వృథా పోనివ్వదు. సోమవారం నుంచి ఆ కుర్రాడికి సైకిలు నేర్పేది మీరే. మీ తనిఖీ గది డ్యూటీ అయిపోయాక.”

తారాబాయి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. “ఏ బట్టలేసుకొని రావాలె సార్?”

“నేర్పేవాళ్లకు నిబంధనలేమీ లేవమ్మా,” అన్నారు చలపతి గారు. “హాయిగా మీకు సరిపోయేవి వేసుకుని రండి.”