నిలకడైన మనిషి వాసన

ఆ ఆదివారం పొద్దున ఓబులేసు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. తలస్నానం చేయడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, నాయన పుల్లయ్యతో కలిసి నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కడం, సంధ్యను పెళ్లిచూపుల్లో చూడటం, ఆమె సరే అంటే జీవితమంతా సుఖంగా ఉండటం.

సంధ్య కొత్త మనిషేం కాదు. డిగ్రీలో ఇద్దరిదీ ఒకే క్లాసు. ఓబులేసు వాళ్ల ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాడు అతనొక్కడే. "సదువుకోడానికి పోతాండావు, దిక్కులు సూడొద్దు" అని నాయన చెప్పిన మాట తప్పలేదు. ఆ చదువంతా అయ్యేలోపు సంధ్యతో అతను మాట్లాడింది ఒకే ఒక్కసారి. "ఫ్యాను వేయాల్నా?" అని అడిగాడు. ఆమె వద్దంది. విత్తనాల కంపెనీలో ఉద్యోగం వచ్చాక సంబంధం అటువైపు నుంచే వచ్చేసరికి, ఇది కుదరకపోతే ఇంకోటి చూడొద్దని అమ్మకు ముందే చెప్పేశాడు.

చిక్కల్లా సంధ్య వాళ్ల అవ్వ వెంకటలక్ష్మమ్మతోనే. అంతకుముందు వచ్చిన పెళ్లికొడుకు గుప్పుమని సెంటు కొట్టుకొచ్చాడని వాకిట్లోనుంచే వెనక్కి పంపిందట. "సోకులోడు వద్దు, నిలకడైన మనిషి కావల్ల" అందట. మామూలు మనిషైతే సెంటు జోలికి పోకుండా ఊరుకునేవాడు. ఓబులేసు చదువుకున్నవాడు. శనివారం సాయంత్రం పద్మావతి నగర్‌లో సెంట్ల అంగడికి పోయి, కౌంటర్లో ఉన్న రెబెకాను అడిగాడు.

"నిలకడైన మనిషి వాసన ఏదన్నా ఉందా మేడం?"

రెబెకా నవ్వలేదు. వ్యాపారంలో నవ్వితే బేరం పోతుంది. ఆకుపచ్చ సీసా ఒకటి తీసి అతని మణికట్టు మీద కొట్టింది. "సూడన్నా, పచ్చిగడ్డి, తడిమన్ను, వేర్లు. ఇది పూసుకునేటోళ్లు నెమ్మదస్తులు, మాట మార్చరు. సెంటు కొట్టుకున్నట్టే ఉండదు. పుట్టుకతోనే అట్ల ఉన్నట్టుంటాది."

రెండుసార్లు కొట్టుకుంటే చాలంది. నిలకడ ఎక్కడ తక్కువవుతుందోనని ఓబులేసు ఆదివారం పొద్దున మెడకూ, చంకలకూ, చొక్కాకూ, చివరికి సాక్సులకూ కొట్టుకున్నాడు.

ఆళ్లగడ్డలో సంధ్య వాళ్ల నాన్న మద్దిలేటి మర్యాదగా కుర్చీలు వేయించాడు. గోడవార నులకమంచం మీద బొంత పరుచుకుని అవ్వ కూర్చుంది. అతన్ని పైనుంచి కిందికి చూసి మొదటి ప్రశ్నే వేసింది.

"సెంటూ గింటూ కొడ్తావా అబ్బోడా?"

"అలవాటు లేదవ్వా," అన్నాడు ఓబులేసు. సీసా కొన్నది నిన్ననే కాబట్టి అది అబద్ధం కాదని మనసులో సర్దిచెప్పుకున్నాడు. అవ్వ తల ఊపింది. పుల్లయ్య మీసం సవరించుకున్నాడు.

సంధ్య కాఫీ తెచ్చి ఇచ్చింది. అతని నుదుటి మీద చెమట చూసి, "ఫ్యాను వేయాల్నా?" అని అడిగింది. అన్నేళ్ల తర్వాత అదే మాట ఆమె నోట వినగానే ఓబులేసుకు ఒళ్లు తెలియలేదు. వెయ్యమన్నాడు.

ఫ్యాను తిరిగింది. అవ్వ ముక్కు ఎగబీల్చింది. మళ్లీ ఎగబీల్చింది. రెండు కాళ్లూ మంచం మీదికి లాక్కుంది.

"పాము!"

"యాడమ్మా?" అని లేచాడు మద్దిలేటి.

"యాడనో ఆవులిచ్చింది రా! పాము ఆవులిస్తే పచ్చి ఉర్లగడ్డ వాసన వస్తాది. మీకు రాల్యా?"

అందరూ గాలి పీల్చారు. వచ్చింది. పచ్చి బంగాళాదుంప వాసనే, అప్పుడే మట్టిలోంచి పెరికినట్టు. ఓబులేసు కూడా భయపడి కాళ్లు పైకి ముడుచుకున్నాడు. మోకాళ్లతోపాటు సాక్సులూ ముక్కు దగ్గరికొచ్చాయి. అప్పుడర్థమైంది ఆ పాము ఏదో.

చెబుదామని నోరు తెరిచేలోపే, "ముందు పిల్లోన్ని లోపలికి తీస్కపోండి, ఇంటికొచ్చినోడు!" అని అవ్వ అరిచింది. అతన్ని వంటింట్లోకి తోశారు. క్షణంలో అక్కడినుంచి కేక. "పాము వంటింట్లోకి దూరింది!" మిద్దె మీదికి ఎక్కించారు. మిద్దె మీది గాలి పక్కింటి వైపే వీస్తుండడంతో ఆ ఇంటివాళ్లూ ముక్కులు ఎగబీల్చి కట్టెలు పట్టుకొచ్చారు. బియ్యం మూటలు వాకిట్లోకొచ్చాయి. పరుపులొచ్చాయి. అవ్వ కూర్చున్న మంచం అవ్వతో సహా వచ్చింది. ఎవరో పాములు పట్టే ఫిలిప్‌కు ఫోన్ చేశారు.

ఫిలిప్ ఇనుప కొక్కెంతో ఇల్లంతా వెతికి, "ఏమీ లేదప్పా," అని తేల్చాడు.

"ఎందుకు లేదు?" అంది అవ్వ. అప్పటికి ఓబులేసును మిద్దె దింపి ఆమె పక్కన నిలబెట్టారు. ఆమె ముక్కు మళ్లీ పనిచేసింది. కళ్లు పెద్దవయ్యాయి. "ఈ పిల్లోడు యాడికి పోతే ఆడికే వస్తాంది. పగబట్టిండాది. నాగదోషం! నా మనవరాలిని ఈయను."

పుల్లయ్యకు రోషం వచ్చింది. "మావాడు పామునేం జేసినాడమ్మా? బీయస్సీ జేసినాడు."

"ఈ జన్మల జేసినాడో, పోయిన జన్మల జేసినాడో నాకేం తెలుసు?"

"పద రా," అని పుల్లయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

ఇటు మద్దిలేటి గడ్డపార తెచ్చాడు. వంటింటి బండల కింద బొక్క ఉంటుందని అతని అనుమానం. పోయిన నెలే పరిపించిన బేతంచెర్ల బండలవి. నోరు మూసుకుంటే నాగదోషం, నోరు తెరిస్తే సోకులోడు. రెండు విధాలా సంబంధం పోయినట్టేనని ఓబులేసు లెక్క వేసుకున్నాడు. కానీ గడ్డపార పైకి లేచింది.

"కొట్టొద్దు మామా! పాము లేదు. ఆ వాసన నాది."

గడ్డపార ఆగింది. ఫిలిప్ దగ్గరికొచ్చి అతని మెడ దగ్గర వాసన చూసి, కొక్కెం దించేశాడు. "అవునప్పా. పాము ఇదే."

"నిలకడైన మనిషి అనుకుంటారని కొట్టుకుంటి," అన్నాడు ఓబులేసు నేల చూస్తూ. "అంగట్లో అట్ల చెప్పినారు."

పుల్లయ్య తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. సంధ్య నవ్వు ఆపుకోలేక తలుపుకు ఆనుకుంది.

"మూడేండ్లు ఆఖరి బెంచీలో ఆ చివరన్నే కూచుంటివి, ఒక్కదినం జాగా మార్చింది ల్యా. నీకు నిలకడ సీసాలో కొనాల్సొచ్చిందా?"

తను కూర్చునే చోటు ఆమెకు తెలుసని ఓబులేసుకు ఆ క్షణందాకా తెలియదు.

"నవ్వొద్దే!" అంది అవ్వ మంచం దిగుతూ. "సెంటు కొట్టేది ఒకటి, ల్యాదని అబద్ధం చెప్పేది ఇంగోటి. మంచోళ్లే గానీ పోయి రాండప్పా. ఫిలిప్పూ, నా మంచం లోపలేసి పో. తిని పండుకోవల్ల."

ఫిలిప్ మంచం ఎత్తబోతూ బొంత తీసి దులిపాడు. మడతలోంచి సన్నటి నాగుపాము పిల్ల జారి కింద పడి, పడగ విప్పింది. చూస్తున్నవాళ్లు వీధి చివరిదాకా పరుగెత్తారు. ఫిలిప్ మాత్రం నింపాదిగా దాన్ని ప్లాస్టిక్ డబ్బాలోకి తోసి మూత పెట్టాడు.

పొద్దుటినుంచీ దాని మీదే కూర్చున్న అవ్వ డబ్బా మీదికి వంగి ముక్కు ఎగబీల్చింది.

"దీనికి వాసన రాల్యేదేందిరా?"

"పాముకు వాసన యాడుంటాదవ్వా?" అన్నాడు ఫిలిప్. "ఈ పిల్లోడు వాసన కొట్టకుంటే నన్నెవురు పిలుస్తురు? తిని ఈ బొంత మీదే పండుకుందువు."

అవ్వ డబ్బాను చూసింది, ఓబులేసును చూసింది, ఇంకా నవ్వుతున్న మనవరాలిని చూసింది. మద్దిలేటిని పిలిచి, "వాళ్లను పోనీయద్దురా, అన్నం పెట్టు. ముహూర్తం సంగతి అడుగు," అంది.

సాయంత్రం తండ్రీ కొడుకులు నంద్యాల బస్సెక్కారు. కిటకిటలాడుతున్న ఆ బస్సు శిరివెళ్ల దాటకముందే, వాళ్ల ముందు సీట్లోని ముసలామె ముక్కు ఎగబీల్చి, రెండు కాళ్లూ సీటు మీదికి తీసుకుంది.