మంత్రిని చంపే ముందు అడగవలెను

చదరంగంలో బలహీనుడు తప్పు చేస్తాడు. బలవంతుడికి తప్పు జరుగుతుంది. ఈ సూక్ష్మమైన తేడాను లోకంలో మొట్టమొదట గుర్తించిన ఘనత మా క్లబ్బుదే.

మా చాంపియన్ వృత్తిరీత్యా పళ్ళ డాక్టరు. ఆరంభపు ఎత్తులన్నీ కళ్ళు మూసుకుని ఆడగలడు. (చిక్కంతా అక్కడే వచ్చింది.) జట్టు ఎంపిక పోటీలో ఆయనకు ఎదురుగా సొంత వదినే కూర్చుంది. ఆవిడది కళ్ళజోళ్ళ దుకాణం. జట్టులో చోటు కోసం ఏళ్ళ తరబడి ప్రయత్నిస్తోంది. పుస్తకం ప్రకారం ఆవిడ బంటు జరపాలి. గుర్రాన్ని దూకించింది. మరిది మాత్రం, బంటు జరిగితే ఏం ఆడాలో అదే ఆడేసి కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మంత్రి నేరుగా వెళ్ళి గుర్రం నోట్లో పడింది.

"ఏమయ్యా మరిదీ, నిద్రపోయావా?" అంది వదిన, మంత్రిని చంపి పక్కన పెడుతూ.

డాక్టరు అప్పుడు బోర్డు వంక చూశాడు. "నువ్వు బంటు జరపలేదా వదినా?"

"జరిపితే నీకు చెప్పనా?"

ఆయన పగలబడి నవ్వి, ఓటమి ఒప్పుకుని చెయ్యి కలిపాడు. వ్యవహారం అంతటితో సమసిపోయేదే. కానీ క్లబ్బుకు ఒక అధ్యక్షుడున్నాడు.

రిజిస్ట్రారుగా రిటైరైన ఆ పెద్దమనిషి తక్షణమే 'ప్రబల క్రీడాకారుల ప్రారంభ ప్రమాదాల పరిశీలనా సంఘం' ఏర్పాటు చేశారు. పాత ఆటలు తిరగేస్తే, మా ఉద్దండులంతా తొలి ఎత్తుల్లోనే ఏనుగునో గుర్రాన్నో పరువునో పోగొట్టుకుంటూనే ఉన్నారని తేలింది. (వాటిలో అధ్యక్షులవారి ఆటలే ఎక్కువ కనుక ఆ భాగాన్ని చదవకుండానే ఆమోదించారు.) తర్వాత వదినను విచారణకు పిలిచారు.

"పుస్తకంలో ఉన్న ఎత్తు ఎందుకు వెయ్యలేదమ్మా?"

"గుర్తు లేదండీ."

"మరి మంత్రి పోతోందని ఎలా గుర్తుపట్టారు?"

"నాది రోజూ పోతుంటుందండీ. అలవాటైపోయింది."

సంఘం దీర్ఘంగా ఆలోచించి కొత్త నియమం తెచ్చింది. బలవంతుడి మంత్రి ఉత్తపుణ్యానికి దొరికినప్పుడు, ఎదుటివారు "ఇది మీరు తెలిసే చేశారా?" అని వినయంగా అడగాలి. తెలిసే చేస్తే అది త్యాగం. తెలియక చేశానంటే మాత్రమే చంపవచ్చు. ఆ నియమం కింద వదినా మరుదులు మళ్ళీ ఆడాలని తీర్మానించారు.

మళ్ళీ ఆడారు. ఈసారి వదిన బంటునే జరిపింది. పోయినసారి గుర్రం దెబ్బ తిన్న డాక్టరు రాత్రంతా గుర్రానికే జవాబు వల్లెవేసి వచ్చాడు; ఆ జవాబే ఆడాడు. మంత్రి మళ్ళీ దొరికిపోయింది.

"ఇది మీరు తెలిసే చేశారా?" వదిన నవ్వాపుకుంటూ అడిగింది. అధ్యక్షులవారు అర్థవంతంగా దగ్గారు.

"లేదు వదినా, చూసుకోలేదు. చంపెయ్," అన్నాడు డాక్టరు.

సంఘం ఆ జవాబును కొట్టేసింది. మంత్రిని పోగొట్టుకున్న దుఃఖంలో ఉన్న మనిషి తన గురించి తాను ఇచ్చే సాక్ష్యం చెల్లదట. ఆట రద్దయింది, వదినను జట్టుకు అదనపు సభ్యురాలిగా వెనక కుర్చీలో కూర్చోబెట్టారు.

"అయితే నా చోటు ఆవిడకే ఇవ్వండి," అని డాక్టరు జట్టులోంచి తప్పుకున్నాడు. బలవంతుడి చోటు బలవంతుడికే చెందాలని అధ్యక్షులవారు అందులో తామే కూర్చున్నారు.

పొరుగూరి పోటీలో ఆయన ఆరంభం గంభీరంగా సాగింది. టీ చల్లారక ముందే మంత్రి పోయింది. ఎదురుగా ఉన్న టీచరమ్మకు మా నియమం తెలియదు. చటుక్కున చంపేసి టీ తాగింది. ఆ ఒక్క ఆటతో జట్టు ఓడిపోయింది.

సంఘం తుది నివేదిక ఇచ్చింది. ప్రబల క్రీడాకారుల వల్ల ఈ ఏడాది ఎలాంటి తప్పూ జరగలేదు. ప్రమాదాన్ని ముందే గ్రహించి కూడా వెనక కుర్చీలో మౌనంగా కూర్చున్నందుకు, అదనపు సభ్యురాలిని సంజాయిషీ కోరారు.