ఫ్లెక్సీలో దూరిన ఒంటె

ఆ గురువారం ఉదయం మునికుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ వేళకల్లా తన నిశ్చితార్థం ఫ్లెక్సీ డిజైన్ పూర్తి చేయాలి. మధ్యాహ్నం తిరుపతిలో ప్రింటు తీయించాలి. సాయంత్రం పుత్తూరు కల్యాణమండపం గేటుకు కట్టించాలి. ఆ తర్వాత తలస్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, ఏ పనీ ఎరగని పెళ్లికొడుకులా వెళ్లి సుజన పక్కన కూర్చోవాలి.

చిక్కంతా ఆ డిజైన్ దేనితో చేయాలన్న దగ్గరే వచ్చింది. మునికుమార్ వారం కిందట కొత్తరకం ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చాడు. దాని లోపల చెప్పుకోదగ్గ సరంజామా ఏమీ ఉండదు. రాసినా గీసినా అంతా ఇంటర్నెట్‌లోనే. అన్నం గిన్నె మూతంత పలచగా ఉంటుంది. వాడి చూసి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చని అమ్మినవాళ్లు చెప్పారు. వాళ్లమ్మ తాయమ్మ కొత్త వస్తువు ఇంటికొచ్చిందని దానికి పసుపు రాసి, నడినెత్తిన కుంకుమబొట్టు పెట్టింది. ఆ బొట్టు సరిగ్గా కెమెరా మీద పడింది.

పుత్తూరు బస్టాండు రోడ్డులో ఉన్న 'గోవిందస్వామి ఆర్ట్స్' మూడు తరాల అంగడి. తాత గోవిందస్వామి రంగు డబ్బాలు సైకిలుకు కట్టుకుని నగరి దాకా గోడలు రాసినవాడు. తండ్రి కుప్పయ్య ఆ ఊళ్లో మొదటి కంప్యూటర్ తెచ్చినవాడు. అది ఇప్పటికీ పిండిమరలా రొద చేస్తుంది. కుప్పయ్య చెప్పులు విడిచిగానీ దాని ముందు కూర్చోడు. అలాంటివాడికి కొడుకు ఒళ్లో ఉన్న పలచటి రేకు కంటికి ఏం ఆనుతుంది?

"మన డిజైన్లన్నీ యాడుంటాయిరా దీంట్లో?" అన్నాడు.

"నెట్‌లో ఉంటాయి నాయనా."

"అదే, యాడ?"

"యాడో ఒకచోట. ఏ దేశంలోనో."

"మన అంగడి సామాను ముక్కూమొగం తెలీనోడి ఇంట్లో పెట్టి, దినామూ పోయి తలుపు తట్టి అడుక్కుంటావా?"

"నీ పిండిమర కాలిపోతే నీ సామాను యాడుంటాది నాయనా? బూడిదలో. నాది ఎప్పటికీ ఉంటాది."

వాకిట్లో స్టూలు మీద కూర్చున్న గోవిందస్వామి గొంతు సవరించుకున్నాడు.

"ఒరే కుమారా, పెట్టె ఏదైనా కానీ, ఒక మాట విను. నేను గోడ రాసేటప్పుడు ఎనకాల పదిమంది నిలబడేవోళ్లు. ఒకడు అక్షరం లావైందనే, ఇంకొకడు సన్నమైందనే. అందరికీ ఊ కొట్టినాను. బ్రష్ మాత్రం ఎవురి చేతికీ ఇయ్యలా. ఇచ్చింటే ఆ గోడలు ఈ పొద్దుటికీ అయ్యుండవు."

"ఆ కాలం పోయింది తాతా. ఇప్పుడు దాపరికం ఉండకూడదు. అందర్నీ కలుపుకోని పోవాల."

కుప్పయ్యకు ఒళ్లు మండింది. "సరే, ఈ పెట్టెలో తప్పు లేకుండా, తగాదా లేకుండా ఒక్క ఫ్లెక్సీ ఎవురు తీసినా సరే, అంగడి బీగంచెవులు వాళ్ల చేతిలో పెడతా. తీయలేదా, పెట్టె వాపసు పోతాది, నువ్వు వచ్చి నా పిండిమర ముందు కూచుంటావు. తాత సాక్షి."

"సాయంత్రానికి బీగంచెవులు తుడిచి పెట్టుకో నాయనా," అన్నాడు మునికుమార్ తండ్రి మొలలోని తాళంచెవుల గుత్తిని చూస్తూ.

చిత్తూరు వైపు ఫ్లెక్సీ అంటే అలంకారం కాదు, చుట్టరికాల కొలత. పెళ్లికొడుకుకు కుడిపక్కన మేనమామ ఉండాలి. ఎడమపక్కన చిన్నాయన ఉండాలి. ఇద్దరి ముఖాలూ సమానంగా ఉండాలి. మీసం పొడుగైనవాడికి ఆ కాస్త చోటు అదనంగా ఇచ్చినా రెండోవాడు పందిట్లో భోజనం ముట్టడు. మునికుమార్ ఇదంతా తెలిసినవాడే. నడుమ తననూ సుజననూ నిలబెట్టి, మేనమామ దామోదరాన్నీ చిన్నాయన మునిచంద్రనూ స్కేలు పెట్టి కొలిచినట్టు కూర్చోబెట్టాడు. పైన రెండిళ్ల పెద్దలు, కింద అత్తలూ బావలూ వరుసగా నిలబడ్డారు. మూలన ఎప్పటిలాగే చిన్న అక్షరాల్లో అంగడి పేరు వేశాడు. ఫ్లెక్సీ ముచ్చటగా వచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. అందర్నీ కలుపుకుని పోవాలి కదా! రెండు వైపుల చుట్టాలూ ఉన్న వాట్సాప్ గ్రూపులోకి లింకు పంపబోయాడు. చూడడానికి అనుమతి ఇవ్వమంటారా, దిద్దడానికా అని ల్యాప్‌టాప్ మర్యాదగా అడిగింది. దాపరికం ఉండకూడదన్న మాట నోట్లో ఇంకా తడి ఆరలేదు గనక, మునికుమార్ దిద్దడానికే నొక్కాడు. తిరుపతి ప్రింటింగ్ యూనిట్ లోకేష్‌కూ అదే లింకు పంపి, ఫోన్ చేసి చెప్పాడు. "అన్నా, అన్నం తిన్నాక లింకు తెరువు. దాంట్లో ఏముంటే అది కొట్టేసి, తిన్నగా మండపానికి పంపించేయ్. నన్నేమీ అడగబాకు."

అవతలి వీధిలో ఇడ్లీ తిని వచ్చేసరికి తెర మీద మేనమామ ముఖం గుమ్మడికాయంత అయి ఉంది.

జరిగింది ఇంతే. దామోదరం వడమాలపేటలో తన మామిడితోటలో కూర్చుని ఫోన్‌లో లింకు తెరిచాడు. కళ్లజోడు లేక ఫోటోను దగ్గరగా చూద్దామని రెండు వేళ్లతో సాగదీశాడు. ఫోటో సాగింది. సాగి, అలాగే ఉండిపోయింది. అది తన వేళ్ల పని అని అతనికి తెలియదు. మేనల్లుడు తనను పెద్దగా వేశాడనుకుని కళ్లనీళ్లు పెట్టుకుని అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, నీ కొడుకు మర్యాద తెలిసినోడే. నీ మరిది కంటే నన్ను రెండింతలు పెద్దగా వేసినాడు!"

తాయమ్మ ఆ సంతోషాన్ని తనలో దాచుకోలేక గ్రూపులో పెట్టింది. మునిచంద్ర చదివాడు. ఆయన పంచాయతీ ఆఫీసులో రిటైరైనవాడు, ఏది ఎక్కడ నొక్కాలో తెలిసినవాడు. తన ఫోటోను పట్టుకుని అంతకంటే పెద్దగా లాగాడు.

మునికుమార్ కళ్లముందే ఫోటోలు వాటంతట అవే కదలసాగాయి. లింకు తెరిచినవాళ్ల పేర్లు తెలియక ల్యాప్‌టాప్ తలా ఒక జంతువు బొమ్మ ఇచ్చి పైన వరుసగా నిలబెట్టింది. ఒంటె వచ్చి మేనమామను ముందుకు తోసింది. తాబేలు నిదానంగా వచ్చి చిన్నాయన పొట్టను పెళ్లికూతురి మీదికి జరిపింది. ఒంటె మళ్లీ వచ్చింది. ఒక మూలన ఉడుత మాత్రం ఏమీ ముట్టుకోకుండా చూస్తోంది.

గోవిందస్వామి కర్ర ఊతతో లేచి వచ్చి తెరలోకి తొంగిచూశాడు. "ఆ ఒంటె దామోదరం. నడక సూస్తే తెలస్తా ఉండాది. తాబేలు మునిచంద్ర. ఉడుత ఎవురో అర్థం కాలేదు."

"తాతా, ఊరుకో!"

"ఊరకే ఉండాను సామీ. బ్రష్‌లు పంచింది నువ్వే గదా."

మునికుమార్ అనుమతి తీసేద్దామని వేలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు పక్కన కాలువ తవ్వుతున్నవాళ్ల గడ్డపార నెట్ కేబుల్ మీద పడింది. తెర మీద చిన్న సున్నా ఒకటి గిరగిర తిరగసాగింది. ల్యాప్‌టాప్ ఇక నిజంగానే అన్నం గిన్నె మూత అయింది.

"పిండిమర రడీగా ఉండాది," అన్నాడు కుప్పయ్య గోడతో చెబుతున్నట్టు.

"నీ పిండిమర నేను ముట్టను!"

మునికుమార్ ఫోన్ నుంచి నెట్ కలిపాడు. సున్నా తిరగడం ఆగింది. వేలు పెట్టేలోగా ఫోన్ మోగింది. ఆ ఫోన్‌లో మాట వస్తే నెట్ పోతుంది, నెట్ వస్తే మాట పోతుంది.

"ఏమిరా, ముందు పెద్దగా వేసి, మళ్లా నన్ను తగ్గిస్తావా?" దామోదరం అరిచాడు. "ఎవురు చెప్పినార్రా తగ్గించమని? మీ చిన్నాయనేనా?"

"మామా, నేను తగ్గించలేదు. నువ్వు ఫోన్ పెట్టేస్తే సరిజేస్తా."

"పెట్టేయమంటావా? మేనమామను పెట్టేయమంటావా!"

ఆ ఫోన్ పెట్టగానే చిన్నాయన. చిన్నాయన తర్వాత మదనపల్లె అత్త. ఫోటోల తోపులాటలో ఆమె మొగుడు ఫ్లెక్సీ అంచున వేసిన పూలదండ కిందికి పోయాడట, బతికున్న మనిషికి దండ వేస్తారా అని ఏడ్చింది. ఎవరు ఫోన్ చేసినా సరిచేయమనే చేస్తున్నారు. వాళ్లు ఫోన్ చేస్తున్నంతసేపూ సరిచేయడానికి వీల్లేదు.

చివరికి గూడూరు నుంచి సుజన తండ్రి చేశాడు. నిమ్మకాయల మండీ నడిపే మనిషి, కోపంలో కూడా గొంతు పెంచడు.

"అల్లుడుగారూ, ఫ్లెక్సీ చూశాం. మా పిల్ల ఏడుందయ్యా? ఒక చెవి మాత్రం కనపడతా ఉండాది. మిగతాదంతా ఎవురిదో పొట్ట."

"మామా, అది... మా చిన్నాయనది."

"ఫ్లెక్సీలోనే చోటు లేని పిల్లకి రేపు మీ ఇంట్లో ఏం చోటిస్తారయ్యా? వస్తా ఉండాం. గేటు కాడ నిలబడి ఆ ఫ్లెక్సీ చూసి, ఆ తర్వాతే లోపలికి రావాల్నా వద్దా చెప్తాం."

మునికుమార్ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మిద్దె మీదికి పరిగెత్తాడు. సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు ఎక్కి కూర్చున్నాడు. కింద వీధిలో నిలబడి కుప్పయ్య అరిచాడు.

"దిగిరా! పాతదాంట్లో మామ, చిన్నాయన ఫోటోలు సమానంగా పెట్టి చిటికెలో చేసిస్తా. పెళ్లి ముఖ్యమా, పెట్టె ముఖ్యమా?"

"దిగను! దీంతోనే తీస్తా!"

"వాణ్ని ఉండనీరా," అన్నాడు గోవిందస్వామి. "దూకినా బయం లేదు. మన పుత్తూరు ఇరిగిన ఎముకలకి కట్టు కట్టేవోళ్ల ఊరే గదా."

ఫోన్ మోగుతూనే ఉంది. తియ్యకపోతే తియ్యలేదని కోపం, తీస్తే నెట్ పోతుంది. ఎండలో తెర కనబడలేదు. కనబడేసరికి ఛార్జింగ్ అయిపోయి అది నల్లబడింది. తిరుపతిలో లోకేష్ అప్పటికే అన్నం తిని చేయి కడుక్కున్నాడు.

సాయంత్రం కల్యాణమండపం గేటు దగ్గర నాదస్వరం మోగుతున్నా ఎవరికీ వినబడలేదు. ఒకవైపు దామోదరం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకోవైపు మునిచంద్ర పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డాడు. గూడూరు వాళ్లు వ్యాన్ దిగి చెప్పులతోనే రోడ్డు మీద నిలబడ్డారు. సుజన పట్టుచీరలో, తండ్రి వెనక, తల దించకుండా నిలబడింది. మునికుమార్ ఎండకు మాడిన ముఖంతో వచ్చాడు.

లోకేష్ పంపిన ఆటో వచ్చింది. డ్రైవరు చుట్ట విప్పాడు. ఫ్లెక్సీ జారుతూ గేటంత పొడుగున పరుచుకుంది.

మేనమామ లేడు. చిన్నాయన లేడు. అత్తలు లేరు, బావలు లేరు. కుప్పయ్య, తాయమ్మ, గోవిందస్వామి, గూడూరు మామ, ఎవరూ లేరు. సుజన, మునికుమార్ ఇద్దరే నిండుగా నిలబడి ఉన్నారు. కింద మూలన 'గోవిందస్వామి ఆర్ట్స్, పుత్తూరు' అని చిన్న అక్షరాలు.



"ఎవురు తీసినార్రా నన్ను?" అన్నాడు దామోదరం.

"నేనే తీసేసినా," అంది సుజన. తండ్రిని దాటుకుని ముందుకు వచ్చింది. "ఆ ఉడుతను నేనే. మా మండీలో నిమ్మకాయల రాశి ముందు బేరగాళ్లు కొట్లాడుకుంటే, మా తాత ఎవురిదీ న్యాయమని చెప్పడు. ముందు రాశి మీద గోతం కప్పేస్తాడు. నేనూ అదే చేసినా. దిద్దే అనుమతి నాకూ ఉండాది గదా, లింకు మూసేసి, అందర్నీ తీసేసి, ప్రింటు ఆయన నంబరు కనుక్కోని, ఆ బొమ్మే పంపి ఇదే కొట్టమని చెప్పినా. నిశ్చితార్థం మా ఇద్దరిది. కోపం వచ్చినోళ్లు నన్ను తిట్టండి, మీ పిల్లోణ్ని తిట్టబాకండి."

ఇంకా అమ్మాయి మెడలో దండ కూడా పడలేదు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దామోదరం ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికాడు.

"నాది లేదు, సరే. మునిచంద్రది గూడా లేదు గదా?"

"లేదు మామా," అన్నాడు మునికుమార్.

"అయితే బాగుండాది."

అవతలి నుంచి మునిచంద్ర కూడా అలాగే వెతికి, పీల్చిన పొట్టను వదిలేశాడు. గూడూరు మామ కూతుర్ని చూశాడు, ఫ్లెక్సీని చూశాడు, చెప్పులు విడిచాడు.

గోవిందస్వామి కర్రతో సుజన ముందుకు వచ్చాడు. "నన్ను గూడా తీసేసినావామ్మా?"

"తీసేసినా తాతా."

"అంగడి పేరు మాత్రం ఎందుకు ఉంచినావు?"

"బోర్డు రాసినోళ్ల పేరు మూలన ఉండాల గదా తాతా."

ముసలాయన ఫ్లెక్సీ మూలన ఉన్న తన పేరు మీద వేలితో ఒకసారి గీత గీసినట్టు రాసి, లోపలికి వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాడు.

మునికుమార్ రొమ్ము విరుచుకుని తండ్రి దగ్గరికి వెళ్లాడు. "సూసినావా నాయనా? తప్పు లేదు, తగాదా లేదు. నా పెట్టె గెలిచింది."

"గెలిచింది. నేనూ ఒప్పుకుంటా ఉండా," అన్నాడు కుప్పయ్య. మొలలోంచి అంగడి బీగంచెవుల గుత్తి తీశాడు. మునికుమార్ చేయి చాచాడు. కుప్పయ్య ఆ చేతిని దాటుకుని వెళ్లి, తాంబూలం పళ్లెంలో పసుపుకొమ్ముల పక్కన గుత్తి పెట్టి, పళ్లెం సుజన చేతికిచ్చాడు.

"నాయనా!"

"ఎవురు తీసినా సరే అన్నా. తాత సాక్షి."

ముందు వరుసలోంచి గోవిందస్వామి తల ఊపాడు.

పెళ్లయింది. ల్యాప్‌టాప్ వాపసు పోలేదు. అంగడి పని ఇప్పుడంతా సుజన దాంట్లోనే చేస్తోంది. మునికుమార్ రోజూ చెప్పులు విడిచి పిండిమర ముందు కూర్చుంటున్నాడు. కొత్త డిజైన్లు అతనికీ కనబడతాయి. చూడడానికి మాత్రమే అనుమతి ఉంది.