ఎడారిలో ఆక్టోపస్ ఉంటే తప్పేమిటి?

ఎడారిలో ఆక్టోపస్ ఉండకూడదని ఏ చట్టంలో రాసి ఉంది? మంచుకొండ మీద మొసలి తిరగకూడదని ఏ కోర్టు తీర్పిచ్చింది? ఊహాలోకాల ఆటల్లో రాక్షసులు ఆ లోకానికి తగ్గట్టే ఉండాలని ఈమధ్య ఒక చాదస్తం బయలుదేరింది. దాన్ని ఖండించడానికే ఈ వారం కలం పట్టాను.

మా విస్కాన్సిన్‌లో సగం ఏడాది చలికాలమే. ఆదివారం మధ్యాహ్నాలు ఎవరో ఒకరి బేస్‌మెంటులో బల్ల చుట్టూ చేరి, పాచికలు వేసి, వీరులమైపోతుంటాం. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళం తలా ఒక పాత్ర పట్టుకుని అందులో బతుకుతాం. పాచిక బాగోకపోతే చస్తాం. మాకు కథ నడిపేది హార్డ్‌వేర్ షాపు ఆర్విడ్.

ఆర్విడ్ పద్ధతి చాలా సులువు. రాక్షసుల బొమ్మలు కొంటాడు. భూతద్దం కింద పెట్టుకుని రంగులేస్తాడు. ఏ బొమ్మకి రంగు ఆరితే ఆ వారం అదే రాక్షసి! కథ ఎక్కడ జరుగుతోందన్నది బొత్తిగా వేరే విషయం.

ఇందులో ఎన్ని లాభాలున్నాయో చూడండి! చిత్తడి నేలంటే జలగలు, పాడుబడ్డ కోటంటే ప్రేతాలు అని ముందే తెలిసిపోతే ఇక భయమెక్కడ? ఆర్విడ్ ఆటలో ఆ బెంగ లేదు. దయ్యాల శ్మశానానికని మంత్రాలన్నీ సిద్ధం చేసుకుని వెళ్తే మాకు పందెంకోడంత తేనెటీగలు ఎదురయ్యాయి. మంచు రాజ్యంలో నిప్పులు కక్కే బల్లి వచ్చి మా డ్యూయేన్ ఉన్నికోటు తగలబెట్టింది. అంత చలిలో వాడికి వెచ్చదనం దొరికిందా, లేదా?

అసలు నిజజీవితంలో మాత్రం ఎవరు ఎక్కడ ఇముడుతున్నారు? నేను పనిచేసిన చీజ్ ఫ్యాక్టరీకి ఫ్లోరిడా నుంచి ఒక మేనేజర్‌ని పంపారు. ఆయన ఆవుని చూస్తే జడుసుకునేవాడు! మేం ఎవరికైనా ఫిర్యాదు చేశామా?

పోయిన నెల ఆర్విడ్ ‘దాహపు నేల’ అని కొత్త కథ ఎత్తుకున్నాడు. బాగా ఎత్తుకున్నాడు, ఉన్నమాట చెప్పాలి. వాన మొహం చూడని దేశం. చెంబెడు నీళ్ళ కోసం అన్నదమ్ములు కత్తులు దూసుకునే దేశం. అక్కడ నా పాత్ర హాస్కో. బావులు తవ్వే ముసలాడు. మా చిన్నమ్మాయి బడికి వెళ్ళకముందు నుంచీ ఏ కథలోకి వెళ్ళినా వాణ్ణే వెంటపెట్టుకు వెళ్తున్నాను. ఇప్పుడు ఆ అమ్మాయికే పిల్లలు.

బావి దొరకలేదు. మాతో ఆడే లవాన్ పాత్ర, ఒంటెల కాపరి పిల్ల, సొమ్మసిల్లి పడిపోయింది. హాస్కో తన తిత్తిలో మిగిలిన చివరి గుక్క ఆ పిల్ల నోట్లో పోశాడు. లవాన్ కళ్ళు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడు ఇసుకలోంచి ఆక్టోపస్ లేచింది.

“అది ఇక్కడేం చేస్తోందిరా?” అన్నాడు డ్యూయేన్.

“ఈదుతోంది.”

“దేంట్లో?”

“అడ్డు ప్రశ్నలెయ్యకు. డెల్, నువ్వు పాచిక వెయ్!” అన్నాడు ఆర్విడ్ నాతో.

వేశాను. ఒకటి పడింది, అంతకంటే చెత్త అంకె లేదు. ఉన్న చేతులన్నీ వేసి అది హాస్కోని చుట్టేసింది.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఎవరి పాత్ర పోయినా మిగిలినవాళ్ళు లేచి నిలబడి, బీరు సీసాలెత్తి, పోయినవాడి గురించి తలా ఒక మంచిమాట చెప్పాలి. ముందు లవాన్ లేచింది.

“హాస్కో మహానుభావుడు. గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా నాకే పోశాడు. అలాంటివాడు... ఆఖరికి... ఆక్టోపస్...” అని పక్కున నవ్వేసింది. డ్యూయేన్ ముక్కులోంచి బీరు కారింది. ఆ తర్వాత ఎవరూ మాట పూర్తిచేయలేకపోయారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను? ఇంటికెళ్ళేటప్పుడు కారులో మాత్రం ఏడ్చాను. ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మర్నాడు షాపుకెళ్ళి ఆర్విడ్‌ని నిలదీశాను. “వాణ్ణి దాహంతోనే పోనివ్వాల్సిందిరా! ఆ దేశంలో అంతకంటే పెద్ద రాక్షసి ఏముంది?”

ఆర్విడ్ నిజంగానే తెల్లబోయాడు. “దాహానికి బొమ్మ దొరకదు కదరా డెల్! రంగు దేనికెయ్యమంటావు?”

విన్నారుగా! కాబట్టి పాఠకులారా, నా వాదనలో మార్పేమీ లేదు. ఏ లోకంలోకి ఏ రాక్షసైనా రావచ్చు, మనం నోరెత్తకూడదు.

ఈ ఆదివారం ఆర్విడ్ తనూ ఒక పాత్ర ఆడతానన్నాడు. కథ నడిపే వంతు నాకొచ్చింది. మా ఇంటి బేస్‌మెంటులోనే ఆట. అందర్నీ మళ్ళీ దాహపు నేలకే తీసుకెళ్తున్నాను. బొమ్మ ఒక్కటి కూడా కొనలేదు. వేయించిన చీజ్ ముక్కల మీద ఉప్పు కాస్త ధారాళంగా చల్లమని మా ఆవిడకి చెప్పాను. అందరూ అవి తిని పాచికలు చేతిలోకి తీసుకున్నాక, బల్ల మీది బీరు సీసాలన్నీ పైకి పట్టుకెళ్ళిపోయి, మెట్ల తలుపుకి గడియ పెడతాను. అప్పుడు ఎవరు నవ్వుతారో చూస్తాను!