క్వార్టర్‌బ్యాక్‌కి ముప్పై రోజుల గడువు

అమెరికాలో అర్హత, అనుభవం, అనుమతి ఏవీ లేకుండా ఎవరైనా చేపట్టగలిగిన ఉద్యోగం ఒక్కటే ఉంది: అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ ఎలా ఆడాలో చెప్పడం. దానికి వీసా కూడా అక్కర్లేదు. ఇర్వింగ్‌లో మా ఒక్క అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే ఈ ఉద్యోగం చేసేవాళ్లం నలభైమందిమి ఉన్నాం.

మా టీము ట్రినిటీ స్టాలియన్స్. (మా టీము అంటే మేం ఆడం, టికెట్లు కొనం, కానీ వాళ్లు ఓడిపోతే మాకు అన్నం సయించదు.) ఈ ఏడాది వాళ్లు బ్రేడన్ హోల్‌స్టెడ్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాణ్ని క్వార్టర్‌బ్యాక్‌గా తెచ్చుకున్నారు. బంతి చేతికి రాగానే ఎవరికి విసరాలో రెండున్నర సెకన్లలో తేల్చుకుని విసరడం అతని పని. జూలై ఆఖర్లో ట్రైనింగ్ క్యాంపు మొదలైంది. అది ఉత్త సాధన, గెలుపోటములు ఉండవు. క్వార్టర్‌బ్యాక్‌ని ఎవరూ ముట్టుకోకూడదని కూడా రూలు. ముట్టుకోకుండానే బ్రేడన్ మొదటి రోజు మూడు బంతులు తిన్నగా అవతలివాళ్ల చేతుల్లో పెట్టాడు. క్యాంపు చూడ్డానికి టికెట్టు లేదు కాబట్టి గొడుగులు, పులిహోర డబ్బాలు పట్టుకెళ్లి ఆ ఘోరం మేం స్వయంగా చూశాం.

సాయంత్రానికల్లా క్లబ్‌హౌస్‌లో క్వార్టర్‌బ్యాక్ పనితీరు సమీక్షా సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ఉమాకాంత్, కార్యదర్శిని నేను. పెద్దల తరఫున దైవాశీర్వాదం మాస్టారుని తీసుకున్నాం. ఆయన పాలకొల్లులో హెడ్మాస్టరుగా రిటైరై, కూతురు జెమీమా దగ్గర ఆరునెలలు ఉండటానికి వచ్చారు. తనకి ఈ ఆట తెలీదని ముందే చెప్పేశారు. (తక్కిన సభ్యులెవరూ ఆ మాట చెప్పలేదు.)

సమీక్షలు మాకు కొత్త కాదు. నేనూ ఉమాకాంతూ లాస్ కొలినాస్‌లో ఒకే ఆఫీసు, ఒకే వరుసలో సీట్లు. ఏటా మార్చిలో కంపెనీ మా చేత ఒకరి గురించి ఒకరి అభిప్రాయాలు పేరు బయటపడకుండా రాయిస్తుంది. ‘మెరుగుపడవలసిన అంశాలు’ అనే గడిలో కనీసం యాభై అక్షరాలు కొట్టకపోతే ఫారం ముందుకి కదలదు. మాకు అలవాటే, మనిషికి ఐదు నిమిషాలు.

సంఘం పొద్దున్నే ఎనిమిదీ పావుకి ఫోన్లో సమావేశమయ్యేది. బ్రేడన్ నిన్న ఏం చేశాడు, ఇవాళ ఏం చేయబోతున్నాడు, అతనికి అడ్డం ఏమిటి అని చర్చించేవాళ్లం. బ్రేడన్ ఈ సమావేశాలకి ఒక్కరోజూ హాజరు కాలేదు. గైర్హాజరు వేశాం.

నాలుగో రోజు స్టాలియన్స్ కోచ్ టీవీలో మాట్లాడుతూ, కుర్రాడు నేర్చుకుంటున్నాడని, టైమ్ పడుతుందని, తొందరేమీ లేదని అన్నాడు. సంఘం అట్టుడికిపోయింది.

"తొందర లేదంట బ్రో!" అన్నాడు సంఘం సభ్యుడు వేణుమాధవ్. "డెడ్‌లైన్ లేకుండ పనెట్లయితది?"

తప్పు చేసినవాణ్ని మర్నాడు అదే పనికి నవ్వుతూ పిలిచే సంస్థని మేమెవరం ఇంతవరకూ చూళ్లేదు. ఇలాంటి సంస్థలు ఉన్నాయని తెలిస్తే పిల్లలు పాడైపోతారు. తక్షణం బ్రేడన్‌ని పిప్‌లో పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

(పిప్ అంటే పనితీరు మెరుగుదల ప్రణాళిక. ముప్పై రోజుల్లో మెరుగుపడాలి, లేకపోతే పెట్టే బేడా సర్దుకోవాలి. సాధారణంగా రెండోదే జరుగుతుంది. ఐటీ ఆఫీసుల్లో ఈ మాట గట్టిగా పలకరు.)

ఆ బాధ్యత ఉమాకాంత్ తీసుకున్నాడు. గంటలో తొమ్మిది పేజీల పత్రం తయారుచేశాడు. ఇంత పకడ్బందీ పత్రం ఇంత తొందరగా ఎలా రాశాడని ఆశ్చర్యపోయాం. శనివారం క్లబ్‌హౌస్ టీవీ మీద పెట్టి చదివి వినిపించాడు.

మొదటి అంశం: ఒత్తిడి వస్తే తడబడతాడు, ఎవరినీ సాయం అడగడు. చప్పట్లు కొట్టాం. ఆ వాక్యం ఎక్కడో విన్నట్టుందని నాకు అనిపించింది. మంచి వాక్యాలన్నీ అలాగే అనిపిస్తాయి.

రెండు: తాను చేసిన పని నలుగురికీ కనపడేలా చేసుకోడు. బ్రేడన్ పని చూడ్డానికి డెబ్బైవేలమంది పట్టే స్టేడియం కట్టారు. అయినా ఆమోదించాం.

మూడు: మీటింగుల్లో కెమెరా ఆన్ చేయడు. ఇది మరీ దారుణమన్నాడు వేణుమాధవ్.

నాలుగు: జూన్ రిలీజ్ రోజు సిస్టమ్ నలభై నిమిషాలు ఆగిపోవడానికి కారకుడు. జూన్‌లో ఇంకా క్యాంపే మొదలవలేదని ఎవరో గొణిగారు. ఎవరో ఒకరు బాధ్యత వహించాలి కదా అని దాన్ని కూడా ఆమోదించాం.

సంతకాలకి లేస్తుంటే మాస్టారు చెయ్యెత్తారు. పేరూ నంబరూ చూడకుండా ఆయన ఏ పేపరూ దిద్దలేదట. ఆఖరి పేజీ చూపించమన్నారు. చూపించాక కళ్లజోడు సవరించుకున్నారు.

"ఏం బాబూ ఉమాకాంత్, ఆ కుర్రాడి పేరుండాల్సిన చోట నీ పేరుందేంటి?"

"అది టెంప్లేట్ మాస్టారూ. పేరు రీప్లేస్ చేసేటప్పుడు ఒకచోట మిస్ అయింది."

"మరి టెంప్లేట్‌లోకి నీ పేరెలా వచ్చింది?"

టీవీ ఆపడానికి ఉమాకాంత్ రిమోట్ కోసం బల్లంతా వెతికాడు. రిమోట్ అతని చేతిలోనే ఉంది.

"నాకిచ్చిన పిప్పే మాస్టారూ," అన్నాడు చివరికి. "థర్టీ డేస్‌లో ట్వంటీ టూ అయిపోయాయి. క్లియర్ కాకపోతే జాబ్ పోతుంది. జాబ్ పోతే హెచ్‌వన్ వీసా మీద ఇక్కడ ఇంకో సిక్స్‌టీ డేస్ ఉండనిస్తారు, అంతే. స్మృతికి ఇంకా చెప్పలేదు."

స్మృతి అతని భార్య. వాళ్ల అమ్మాయి అవని సెకండ్ గ్రేడ్.

మాకు భయం వేసింది. ముందు అతని గురించి వేసింది. ఆ తర్వాత, సిగ్గులేకుండా చెప్పాలంటే ఆ క్షణంలోనే, ఎవరి గురించి వాళ్లకి వేసింది.

మాస్టారు లేచి నిలబడ్డారు. "ముప్పై నాలుగేళ్లు పిల్లల పేపర్లు దిద్దానయ్యా. క్వార్టర్లీలో తప్పాడని ఒక్కణ్ని కూడా బడి మాన్పించలేదు. ముందు ఆ బంతాటవాడికి ఏడాది టైమివ్వండి."

ఓటింగ్ పెట్టాం. అన్ని చేతులూ లేచాయి. అందరికంటే పైకి లేచింది ఉమాకాంత్ చెయ్యి. బ్రేడన్ హోల్‌స్టెడ్ మీద పిప్ రద్దయింది. (ఈ సంగతి అతనికి తెలియజేయలేదు. పెట్టిన సంగతీ తెలియజేయలేదు.) ఉమాకాంత్ గడువు పెంచే అధికారం సంఘానికి లేదు కనక దాని మీద తీర్మానం రాలేదు.

అందరూ వెళ్లాక నేనూ ఉమాకాంతూ మిగిలి కుర్చీలు మడిచాం. అతను చాలా తేలికపడ్డట్టు కనిపించాడు.

"మిగతావన్నీ మేనేజర్ రాసినవే బ్రో," అన్నాడు. "ఫస్ట్ పాయింట్ మాత్రం మార్చి ఫీడ్‌బ్యాక్‌లోంచి తీశారంట. మన టీమ్‌లోనే ఎవరో. ఎవరోగానీ కరెక్ట్‌గానే రాశారు. నేను హెల్ప్ అడగాల్సింది."

అప్పుడు గుర్తొచ్చింది ఆ వాక్యం ఎక్కడ విన్నానో. విన్లేదు, రాశాను. ఆ రోజు లంచ్‌కి టైమైపోతోంది. ‘తడబడతాడు’ దగ్గర ఆపితే యాభై అక్షరాలు నిండలేదు. అందుకని ‘ఎవరినీ సాయం అడగడు’ అని కలిపాను.

"ఎవరైతేనేం బ్రో, అలాంటివి పట్టించుకోకు," అన్నాను.

ఇంటికెళ్లి కార్యదర్శి హోదాలో మినిట్స్ రాశాను. ఆఖరి వాక్యం ఇది: కష్టకాలంలో అధ్యక్షునికి అన్ని విధాలా అండగా ఉంటానని కార్యదర్శి తెలిపారు.