కానుగ చెట్టుకి పాము కాపలా

ప్రతి అపార్ట్‌మెంట్‌కీ ఒక విషసర్పం ఉండి తీరాలి! లిఫ్ట్ లేకపోయినా ఎలాగో సర్దుకుపోవచ్చు. పాము లేకపోతే మాత్రం కష్టం.

నవ్వకండి. విజయవాడలో మా అపార్ట్‌మెంట్ ముందు ఒక కానుగ చెట్టు ఉండేది. దాన్ని కొట్టేసి పార్కింగ్ చేయాలని అసోసియేషన్ ప్రెసిడెంట్ వెంకటకృష్ణారావు గారి పట్టుదల. మా బాల్కనీకి ఉన్న నీడ అదొక్కటే కాబట్టి వద్దని నా పట్టుదల. నా పట్టుదల సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. మీటింగుల్లో నాకు నోరు పెగలదు.

ఇంతలో దేవుడు పంపినట్టు ఆ చెట్టెక్కింది పాము! పక్క బిల్డింగ్ పనికోసం కొండల నుంచి దింపిన వెదురు లోడులో వచ్చి ఉంటుంది. ఆకుపచ్చ ఒళ్లు, ముక్కోణపు తల. రక్తపింజరికి దగ్గర చుట్టం. కంటికీ ముక్కుకీ మధ్య చిన్న గుంట ఉంటుంది. చీకట్లో ఎలుక ఒంటి వేడిని దాంతోనే పసిగడుతుంది. పగలంతా కొమ్మకి తోక చుట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటుంది. అచ్చం నాలాగే!

"దానికైనా కోరలున్నాయి" అంది మా ఆవిడ శివపార్వతి.

ఇక చూడండి నా వైభోగం! చెట్టు కొట్టడానికి వచ్చినవాళ్లు రంపం భుజాన వేసుకుని వెనక్కి తిరిగారు. చందాలవాళ్లు గేటు దాటలేదు. కింది ఫ్లాట్ మాణిక్యమ్మ గారు పుట్ట లేదు కదా అని చెట్టు మొదట్లోనే గిన్నెతో పాలు పెట్టారు. వీధిలో పిల్లి బలిసింది. "ఏదెను తోటలోనూ చెట్టు దగ్గరే కదండీ ఇది తగులుకుంది!" అంటూ ఎదురు ఫ్లాట్ కృపానందం గారు స్కూటర్ లోపలికి తేకుండా రోడ్డు మీదే వదిలేశారు. నేను నోరు మెదపకుండానే నా వాదం నెగ్గింది. ఏ ప్లీడరు చేస్తాడండీ ఇంత పని?

వారం తిరక్కుండా పాములు పట్టేవాళ్లు వచ్చి దాన్ని సంచిలో వేసుకుపోయారు. ఆ సాయంత్రమే మీటింగ్.

"చెట్టుంటే మళ్లీ పాములొస్తాయండీ. కొట్టేద్దాం. ఆ చోటు మీ కారుకే ఇస్తాం లెండి" అన్నారు ప్రెసిడెంట్ గారు, నా వైపు చూస్తూ. ఒప్పుకునేవాళ్లని చేతులెత్తమన్నారు.

అందరికంటే ముందు లేచిన చెయ్యి నాది.

పామును అడవిలో మంచి గుబురు చెట్టు చూసి వదిలారట. ఇక్కడ రోహిణీ కార్తె ఎండలో నేను చేతికి తువ్వాలు చుట్టుకుని కారు డోరు తీస్తున్నాను. పోనీ, పక్క వీధిలో మిగిలిన ఒక్క చెట్టు కింద పెడదామా అంటే చోటుండదు. అక్కడ రోజూ ప్రెసిడెంట్ గారి కారు ఉంటుంది.